ప్లాస్మా డెల్టాకు పరాయిది కాదు

కృష్ణా డెల్టా జీవనమున పొడికి గల స్థానము చిన్నది కాదు. దుగ్గిరాల యార్డులో రాశులు పోసిన పసుపు కొమ్ములు మరలలో పడి పొడియగుచున్నవి; పొరుగుననున్న గుంటూరు మిరప కారమై సముద్రములు దాటుచున్నది; వరి మిల్లుల ఊక బాయిలర్లలో కాలి బూడిద గుట్టలుగా పేరుకొనుచున్నది; ఇబ్రహీంపట్నమున డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము 1979వ సంవత్సరము మొదలుకొని బొగ్గును కాల్చుచు, వ్రేళ్ల సందులనుండి జారిపోవు సన్నని బూడిదను టన్నులకొలది వెలువరించుచున్నది. ఇట్టి గడ్డపై, సూక్ష్మచూర్ణముల కణములను ప్లాస్మాచేత శుద్ధిచేసి వాని ఉపరితలమును సంస్కరింపవచ్చునని ఎవరేని ప్రస్తావించిరేని, విజయవాడలోని వ్యాపారులును, విద్యావంతులును, తుదకు ఇంజనీరింగు చదివినవారును చెప్పు మాట యొక్కటియే: అది రాకెట్లు చేయువారికి, చిప్పులు చేయువారికి కావలసిన విద్య, మనకు మరపట్టుట, జల్లెడపట్టుట, సంచి కుట్టుట తెలిసిన చాలును. పదిమంది నోట నానుటచేత ఈ అభిప్రాయము సత్యముగా చలామణి యగుచున్నది. ఇది సత్యము కాదనియు, మన రైతునకును మిల్లరునకును నష్టము తెచ్చు భ్రమ యనియు నేను నమ్ముచున్నాను. ఎందుచేత నమ్ముచున్నానో చెప్పుటకే ఈ వ్యాసము.

ఈ భ్రమకు మూలము ప్లాస్మా యన్నంతనే మనస్సున మెదలు నిప్పు. సూర్యగోళము ప్లాస్మా, పిడుగు ప్లాస్మా, ఉక్కును కోయు జ్వాల ప్లాస్మా. వేల డిగ్రీల ఆ వేడిలో పసుపు పొడి నిలుచునా యని అడుగుదురు. ప్రశ్న సహజమైనదే, కాని అడుగువారు విషయములో సగమునే ఎరుగుదురు. వాయువులోని అణువులనుండి కొన్ని ఎలక్ట్రానులు విడివడి, ఆ ఎలక్ట్రానులును ధనావేశము గల అయానులును కలసి తిరుగు స్థితియే ప్లాస్మా. 1879లో విలియం క్రూక్స్ పదార్థమునకు నాల్గవ అవస్థ యొకటి కలదని లోకమునకు చాటెను. ఎంత వేడికి ఎంత వాయువు అయానులుగా విడిపోవునో లెక్కగట్టు సమీకరణమును 1920లో ఇచ్చినవాడు మన మేఘనాథ సాహా. ఇప్పటి పేరును 1928లో పెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. సాహా లెక్కించినది నక్షత్రముల సంగతి. అచ్చట ఎలక్ట్రానునకును అణువునకును వేడి సమానము. భూమిపై మనము విద్యుత్తుచేత పుట్టించు ప్లాస్మాలో ఆ సమానత్వము ఉండి తీరవలెనను నియమము లేదు. నైట్రోజన్ అణువు ఎలక్ట్రానుకన్న సుమారు 51,000 రెట్లు బరువైనది. విద్యుత్ క్షేత్రము ఎలక్ట్రానును ఎంత వడిగా పరుగెత్తించినను, అది ఇంత బరువైన అణువును ఢీకొని వెనుకకు మరలునప్పుడు తన శక్తిలో అత్యల్ప భాగమును మాత్రమే దానికి వేడిగా ఇయ్యగలదు. కావుననే ఎలక్ట్రానులు పదివేల డిగ్రీలకు మించిన వేడితో తిరుగుచుండగా, చుట్టునున్న వాయువు గది వేడిమికి దరిదాపులనే ఉండగలదు. నిన్నమొన్నటి వరకు మన ఇండ్లలో వెలిగిన ట్యూబ్‌లైటులో జరిగినది ఇదియే: లోపల ఎలక్ట్రానుల వేడి సుమారు 11,000 డిగ్రీలు, పైన చేయి వేసినచో గోరువెచ్చన. దీనిని శీతల ప్లాస్మా యందురు. పసుపు కాలిపోవునని భయపడువారు ఆ ట్యూబ్‌లైటు క్రిందనే కూర్చుండి చదువుకొన్నవారు.

ఇది మొన్న పుట్టిన వింతయు కాదు. విజయవాడ చెంత కృష్ణపై మొదటి ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఆ పిమ్మట రెండేండ్లకే, 1857లో, జర్మనీలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ గాజుగోడను అడ్డముంచి గాలిలో విద్యుత్తును ప్రసరింపజేసి ఓజోనును పుట్టించు గొట్టమును నిర్మించెను. ఆ గొట్టములో కనబడు ఊదారంగు వెలుగు శీతల ప్లాస్మాయే. 1906 నాటికి ఫ్రాన్సులోని నీస్ నగరము ఓజోనుతో తాగునీటిని శుద్ధిచేయ మొదలిడెను. మన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమగునప్పటికి ఆ విద్యకు నూరేండ్లు నిండినవి. ఇంత పాత విద్యను, ఇంకను మన వాకిటికి రాదగినది కాదని త్రోసివేయుటకు ఏ హేతువును నాకు కనబడుట లేదు.

ఇక రాకెట్ల మాట. వేడి ప్లాస్మాకును పొడి పరిశ్రమలో గొప్ప స్థానమే కలదు; దానిని దాచనక్కరలేదు. టైటానియము వంటి లోహపు పొడిలో కణములు కోణములు తేలి యున్నచో ఒకదానినొకటి పట్టుకొని సాఫీగా జారవు. అట్టి పొడిని పదివేల డిగ్రీల ప్లాస్మా జ్వాలగుండ రాల్చినచో, సెకనులో వేయవ వంతుల లెక్కకు వచ్చు కాలములో కణములు కరగి, తలతన్యతచే గుండ్రని బిందువులై, నేలకు చేరులోపలనే గట్టిపడును. పొరమీద పొరగా పొడిని పరచి లేజరుతో కరగించి యంత్రభాగములను ముద్రించు నేటి పద్ధతికి ఇట్టి గుండ్రని కణములే కావలెను. 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్, 1997 నుండి కేంద్ర ప్రభుత్వపు స్వతంత్ర సంస్థగా పనిచేయుచున్న ఎ.ఆర్.సి.ఐ. యను చూర్ణ లోహవిజ్ఞాన కేంద్రము హైదరాబాదులో నుండుటచేత, పొడిని గూర్చిన ఉన్నత విద్యయంతయు ఆ నగరమునకే చెందినదను భావము మనవారిలో నాటుకొన్నది.

కాని ఇబ్రహీంపట్నపు బూడిదను చిటికెడు తెచ్చి సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడుడు. గరుకు ముక్కల నడుమ గాజు గుండ్లు కనబడును. కొన్ని నీరువలె పారదర్శకములు, కొన్ని ఇనుము సోకి గోధుమరంగు పట్టినవి. బొగ్గులోని మట్టి, అనగా సిలికాయు అల్యూమినాయు, కొలిమి వేడికి కరగి, పొగగాలిలో తేలియాడుచునే గుండ్రనై చల్లారి యిట్లయినది. వానిలో కొన్ని లోపల బోలుగా నుండి నీటిపై తేలును. బూడిద చెరువుల మీద తెట్టెగా కట్టునవి అవియే. జ్వాల వేరు, వేడి వేరు. సూత్రము మాత్రము టైటానియము పొడిని గుండ్రన చేయు సూత్రమే. కొండపల్లి బొమ్మలవారి పొరుగున నాలుగు దశాబ్దములకు పైగా రేయింబవళ్లు జరుగుచున్న ఈ క్రియను చూచియు, అది మనకు అందని విద్య యనుకొనుట ఎంత దురదృష్టము! అంతమాత్రమున ఈ బూడిదకు ప్లాస్మా పెట్టవలెనని నేను చెప్పను. ఇటుకలకును సిమెంటునకును అది ఉన్నదున్నట్లుగనే చాలును; టైటానియమునకు తగిన ఖర్చును బూడిదపై పెట్టుట ధనము తగులబెట్టుటయే.

అసలు వాదము ఇచ్చట మొదలగును. మరపట్టుటతో పొడి పని ముగిసినదని తలచువారు, పొడి యనగా చిన్నదైన ముక్క యని మాత్రమే తలచుచున్నారు. ఒక సెంటీమీటరు భుజము గల ఘనమునకు ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 మైక్రానుల ఘనములుగా కోసినచో, బరువులో రవంత భేదము లేకయే, ఉపరితలము 6,000 చదరపు సెంటీమీటర్లగును. పొడి నీటిలో కలియునా తేలునా, గడ్డకట్టునా జారునా, రంగు పట్టునా పట్టదా, దానిపై సూక్ష్మజీవి బ్రదుకునా చచ్చునా అను ప్రశ్నలలో పెక్కింటికి సమాధానము వేయిరెట్లు పెరిగిన ఈ ఉపరితలముననే ఉన్నది. ప్లాస్మా తాకునదియు దీనినే. లోని పదార్థమును అది కదిలింపదు. ఈ విషయము మన ప్రాంతమునకు తెలియనిదియు కాదు. పెడన కలంకారీ పనివారు అచ్చు వేయుటకు ముందు బట్టను కరక్కాయ నీట ముంచి ఆరబెట్టుదురు. ఆ సంస్కారము పొందని బట్టపై రంగు నిలువదు. నూలు మారలేదు, నేత మారలేదు. రంగును పట్టుకొనగల పైపొర మాత్రము సిద్ధమైనది. పొడికి ప్లాస్మా చేయునది ఇట్టి సంస్కారమే, నీటి తొట్లు లేకయు, తొట్లనుండి కాలువలలోనికి పారు మురికి లేకయు.

నాకు అన్నిటికన్న స్పష్టముగా తోచు ఉదాహరణము మన మేడలమీదనే ఉన్నది. విజయవాడలో ఏ డాబా యెక్కి చూచినను కనబడు నల్లని నీళ్ల ట్యాంకు మొదట పాలిఎథిలీన్ పొడి. ఆ పొడిని లోహపు అచ్చులో పోసి, అచ్చును వేడిచేయుచు అన్ని ప్రక్కలకు త్రిప్పినచో, పొడి కరగి గోడలకు పట్టి ట్యాంకగును. పాలిఎథిలీనునకు ఒక మొండి గుణము కలదు: దానిపై రంగు నిలువదు, జిగురు అంటదు, నీరు దానిని తడపదు. గ్లాసెడు నీటిలో ఆ పొడిని చల్లి చెంచాతో ఎంత త్రిప్పినను, త్రిప్పుట ఆపిన క్షణమున అది పైకి వచ్చి పొడిపొడిగా నిలుచును. అదే పొడిని గాలి ప్లాస్మాలో కొంతసేపు దొర్లించినచో, పైపొరలోని హైడ్రోజన్ పరమాణువులు కొన్ని ఊడి, వాని స్థానమున ఆక్సిజనుతో కూడిన సమూహములు వచ్చి చేరును. ఇప్పుడు నీటిలో వేసినచో తడిసి, నీటితో కలసి చిక్కని ద్రవమగును. అట్టి పొడితో పోతపోసిన వస్తువునకు రంగును, జిగురును, లోపలి నురుగు పొరయు గట్టిగా పట్టును. ఐరోపాలో ఇట్టి పొడి అమ్మకపు సరకు. ప్లాస్టిక్ విద్యకై సూరంపల్లిలో సీపెట్ కేంద్రమున్నది. యంత్రమును విప్పి మరల బిగింపగల పనివారు ఆటోనగరులో నున్నారు. ముడిసరకునకును కొదవ లేదు: మన ఊక బూడిదలో అధికభాగము సిలికా. రబ్బరులో కలుపు సిలికా కణములపై ప్లాస్మాచేత పలుచని పొర వేసి రబ్బరుతో పొత్తు కుదుర్చుటయు ప్రయోగశాలలలో సాధించిన సంగతియే. మనకు లేనిది ఇది మన పని యను తలంపు.

ఆహారపు పొడుల విషయమున ఆక్షేపణలు తీవ్రతరములు. అట్లుండుట న్యాయమే, తినెడి వస్తువు గనుక. నేలపై ఆరిన మిరపలోను, ఉడికించి ఎండబెట్టిన పసుపులోను మట్టితో వచ్చిన సూక్ష్మజీవులు ఉండక మానవు. వానిని చంపుటకు వ్యాపారులు చిరకాలముగా ఎథిలీన్ ఆక్సైడు వాయువును పట్టించుచు వచ్చిరి. ఐరోపా దేశముల కూటమి 1991లో దానిని నిషేధించెను. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దానిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చెను. అయినను ఆ అలవాటు పోలేదు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు భారతదేశపు మసాలాపొడులలో కొన్నింటిని ఈ వాయువు అవశేషముల కారణముగా అంగళ్లనుండి తొలగింపజేసిరి. ఆ వార్త వచ్చిన దినమున గుంటూరు వ్యాపారి గుండె దడదడలాడినదనుట నిజము; సరకు ఎవరిదైనను, అపకీర్తి దేశపు మసాలా కంతటికిని పంచబడును.

మరి ప్రత్యామ్నాయమేది? ఆవిరి పట్టుట మంచిదే, కాని అది మరపట్టని కొమ్మునకును కాయకును తగును; పొడికి ఆవిరి సోకినచో గడ్డకట్టును, సువాసన తైలము ఎగిరిపోవును. గామా కిరణములు పనిచేయును. 2000వ సంవత్సరము నుండి నవీముంబయిలోని వాషీలో మసాలాలకై అట్టి కేంద్రము నడచుచున్నది. 10 కిలోగ్రేల వరకు మోతాదును ఐరోపాయు అంగీకరించినది. నేను దానికి వైరిని కాను. కాని కోబాల్టు మూలమును మందపాటి కాంక్రీటు గోడల మధ్య కాపాడవలసిన ఆ కేంద్రమును ప్రతి పసుపు మరవద్ద నెలకొల్పలేము. శీతల ప్లాస్మాను నెలకొల్పవచ్చును. ఇక్కడ మరల ఒక అపోహ అడ్డువచ్చును: ప్లాస్మాయు రేడియేషనే కదా, పొడిలో విషము మిగులదా యని. మీట నొక్కి విద్యుత్తు ఆపినంతనే ప్లాస్మా లేదు. అందు పుట్టిన ఓజోను కొంతసేపటికి మామూలు ఆక్సిజనుగా మారును. రేడియోధార్మికత పుట్టుటకు అవకాశమే లేదు, ఏలయన ఈ ఎలక్ట్రానుల శక్తి పరమాణు కేంద్రకమును కదల్చుటకు లక్షల రెట్లు చాలదు. గాలిని వాడినప్పుడు పొడిపై నైట్రేటులు, నైట్రైటులు కొలది మాత్రముగా నిలువవచ్చును. వానిని కొలిచి, హద్దులో నున్నవని చూపవలసిన బాధ్యత మాత్రము చేయువానిదే.

వ్యతిరేకులకు ఇంత చెప్పిన పిమ్మట, ప్లాస్మాను సర్వరోగ నివారిణిగా అమ్మజూచువారికిని ఒక మాట చెప్పక తప్పదు; వీరి అతిశయోక్తియే వారి అపనమ్మకమునకు ఎరువు. ప్లాస్మా పైపైననే పనిచేయును. కణపు పగుళ్లలో దాగిన సూక్ష్మజీవికి అది తగులదు. బాసిల్లస్ జాతి బీజములు దానికి సులభముగా లొంగవు. మోతాదు మించినచో మిరప ఎరుపును, పసుపు వన్నెను అదియే పాడుచేయును. ఓజోనునకు సూక్ష్మజీవి యనియు, రంగు అనియు భేదము లేదు. ఇక అఫ్లాటాక్సిన్ అను బూజు విషము సంగతి. రాత్రి మంచుకును అకాల వర్షమునకును తడిసిన కళ్లాలలో మిరపపై బూజు పట్టినచో, ఆ విషము కాయ లోపలికి దిగును. ఐరోపా అనుమతించునది కిలోకు బి1 రకము 5 మైక్రోగ్రాములు, మొత్తము 10 మైక్రోగ్రాములు మాత్రమే. లోనికి దిగిన ఆ విషమును పైపొర చికిత్స తొలగింపజాలదు. దానికి మందు కళ్లములోనే ఉన్నది: నేలపై పరచు పట్టా, వేళకు కప్పు టార్పాలిన్, ఆరబెట్టు యంత్రము. రైతునకు పట్టా ఇయ్యక మరకు ప్లాస్మా ఇచ్చెదమను ప్రభుత్వము వచ్చినచో, దానిని మొదట ఖండించువాడను నేనే.

నేను మనస్ఫూర్తిగా గౌరవించు ఆక్షేపణ యొకటి కలదు. అది మిల్లులలో పనిచేయువారినుండి వచ్చును. గాలిలో పిండి దుమ్ము లేచిన చోట నిప్పురవ్వ పడినచో మిల్లే పేలునని వారెరుగుదురు, అధిక వోల్టేజితో పనిచేయు గొట్టములో పొడిని పోయుమనగా భయపడుదురు. భయము యథార్థము. కావుననే ఈ యంత్రములలో పొడిని మబ్బుగా లేపరు. ఏటవాలుగా అమర్చిన గాజు గొట్టము మెల్లగా తిరుగుచుండగా, పొడి అడుగున పలుచగా దొర్లుచు పోవుచుండును; పైన గాజు అడ్డుగా నున్న రెండు లోహపు పొరల నడుమ వేల వోల్టుల విద్యుత్తు ఊదారంగు వెలుగుగా పరచుకొని యుండును. గాలిలో దుమ్ము సాంద్రతను, ఘనమీటరునకు కొన్ని పదుల గ్రాములుండు పేలుడు హద్దుకు బహుదూరముగా, క్రిందనే ఉంచవలెను. లేనిచో నైట్రోజనునే వాడవలెను. అదియు కాదన్నచో ప్లాస్మాను ఒకచోట పుట్టించి, దాని నుండి వచ్చు చురుకైన వాయువును మాత్రము పొడిపైకి పంపవలెను. దొర్లించుట కేవలము భద్రతకే కాదు. కుప్పగా నిలిచిన పొడిలో పైకణములే ప్లాస్మాను చూచును, అడుగువి దాని నీడననే ఉండిపోవును. ప్రతి కణము ప్రతి ప్రక్కను వెలుగునకు చూపవలెను. పొడి ప్లాస్మా విద్యలో కష్టమంతయు ఇందున్నది, విద్యుత్తులో కాదు. పసుపు జిడ్డు గొట్టమునకు పట్టకుండ, కారము ఉండలు కట్టకుండ దొర్లించు నేర్పు ఏ విదేశీ పుస్తకమును మనకు నేర్పదు. అది ఏండ్లతరబడి మర త్రిప్పినవాని చేతిలో నున్నది.

ఖర్చు సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. గాలితో, మామూలు వాతావరణ పీడనమున పనిచేయు శీతల ప్లాస్మాకు శూన్యపు పంపులు అక్కరలేదు, ఆర్గాన్ సిలిండర్లు అక్కరలేదు. చౌక యని ఎవరేని అంకెలు చూపినను, అధిక మని చూపినను, మన పొడిపై మన మిల్లులో కొలిచిన అంకె కానిచో నమ్మవలదని మాత్రము చెప్పుదును.

కొలుచుటకు మనకు చోట్లు లేకపోలేదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము లాంలో నున్నది. ఆహార విజ్ఞాన కళాశాలయు, వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలయు బాపట్లలో నున్నవి. 1977లో పుట్టిన సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల విజయవాడ అంచుననే కానూరులో నున్నది. విద్యుత్తు తెలిసినవారు ఒకచోట, పసుపు తెలిసినవారు ఒకచోట, పాలిమరు తెలిసినవారు మరియొకచోట ఉండి, ఒకరి గడప ఒకరు త్రొక్కకుండుట మన దుస్థితి. దుగ్గిరాల వ్యాపారులును, గుంటూరు కారపు మిల్లర్లును కలసి, ఒక చిన్న తిరుగుడు గొట్టమును ఈ కళాశాలలలో ఒకదానిలో పెట్టింపుడు. ఒకే రాశినుండి తీసిన పొడిని సగము అందులో దొర్లించి, సగము దొర్లింపక, రెండింటికిని మిరప ఎరుపును తెలుపు ఆస్టా రంగు విలువను, పసుపు వన్నెకు మూలమైన కుర్కుమిన్ శాతమును, సువాసన తైలమును, సూక్ష్మజీవుల సంఖ్యను, నైట్రైటును కొలిపింపుడు. ఆరు నెలలు నిలువ ఉంచి మరల కొలిపింపుడు. ఫలితము మంచిదైనను చెడ్డదైనను తెలుగులో అచ్చువేయించి యార్డులో పంచుడు. అప్పుడు ఎవరేని ప్లాస్మా మనకు పనికిరాదన్నచో, ఆ అంకెలు చూపి చెప్పినవాని మాటకు నేను తలవంచెదను.